మీకెంత వచ్చింది?

మనవాళ్లు అంకె కనిపిస్తే పోలిక తీయకుండా వదలరు. టెన్త్ మార్కులు, ఎంసెట్ ర్యాంకు, జీతం, స్థలం గజం ధర, నలభై దాటాక షుగరు, బీపీ. 'మీకెంత?' అని మొదలై 'మావాడికి ఇంత' అని ముగిసే సంభాషణ పెళ్లిళ్లలోనూ రైలు పెట్టెల్లోనూ అపార్ట్‌మెంటు లిఫ్టుల్లోనూ నడుస్తూనే ఉంటుంది. 2021 వేసవిలో ఆ వరసలోకి ఒక కొత్త అంకె వచ్చి చేరింది. యాంటీబాడీల అంకె.

కోవిడ్ సెకండ్ వేవ్ కాస్త నెమ్మదించగానే డయాగ్నస్టిక్ సెంటర్లు ఇంటికే మనిషిని పంపి రక్తం తీయించడం మొదలుపెట్టాయి. సాయంత్రానికి ఫోనులో రిపోర్టు. మా బాబాయి రిటైరైన లెక్కల మాస్టారు. తన రిపోర్టును ఫ్యామిలీ గ్రూపులో పెట్టి 'నాది 250 పైన. అన్నయ్యది ఎంతో చెప్పండి' అని కింద రాశాడు. నాన్న వేరే ల్యాబులో చేయించుకున్నారు, ఆయనకి వేలల్లో వచ్చింది. ఆ తర్వాత బాబాయి గ్రూపులో గుడ్ మార్నింగులు పెట్టడం కొన్నాళ్లు మానేశాడు.

నిజానికి ఆ రెండు అంకెల మధ్య పోలికే లేదు. ఒక కంపెనీ యంత్రం 250 దగ్గర ఆగిపోయి 'అంతకు పైన' అని ముద్రించి ఊరుకునేది. ఇంకోదానికి లెక్క వేలల్లోనే మొదలు. కొలమానాలే వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 డిసెంబరులో ఒక ఉమ్మడి ప్రమాణాన్ని తయారుచేసి పెట్టినా, మన వీధి చివరి ల్యాబు దాకా అది వెంటనే రాలేదు. టీకా పనిచేసిందో లేదో తేల్చడానికి ఈ పరీక్షను వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021 మే నెలలో చెప్పింది. ఇంచుమించు అదే రోజుల్లో లక్నోలో ఒకాయన, టీకా వేయించుకున్నా తనకు యాంటీబాడీలు రాలేదని ఏకంగా పోలీసు స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు ఇచ్చాడు. ఆ వార్త చదివి నవ్వాను కానీ, ఆయన తప్పేమీ లేదనిపించింది. డబ్బు కట్టినచోట రసీదు అడగడం మనకు అలవాటు.

ఇంతకీ ఆ రసీదులో ఉండేదేమిటి? యాంటీబాడీ ఒక ప్రొటీన్. ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో ఉంటుంది. పైనున్న రెండు చేతుల చివర్లతో వైరస్‌ను పట్టుకుంటుంది, కింది కాడతో మన కణాలను పిలుస్తుంది. పరీక్షలో కరోనా వైరస్ మీది ముల్లులాంటి స్పైక్ ప్రొటీన్‌ను పరిచి, మన రక్తంలో దానికి అంటుకునేవి ఎన్ని ఉన్నాయో కొలుస్తారు. అయితే అంటుకున్నవన్నీ అడ్డుకునేవి కావు. వైరస్ మన కణాల మీది ఏసీఈ2 అనే గ్రాహకాన్ని పట్టుకునే స్పైక్ కొన దగ్గర సరిగ్గా కూర్చున్న యాంటీబాడీయే దాన్ని లోపలికి పోనివ్వకుండా ఆపుతుంది. మిగతావి పక్కన అతుక్కుని, దీన్ని మింగేయండని ఇతర కణాలకు గుర్తు చూపిస్తాయి. అదీ పనే. కాకపోతే రిపోర్టులో రెండూ కలిసి ఒకే అంకెగా పడతాయి. ఆ అంకె కూడా సూది గుచ్చిన ఆ ఒక్క రోజుది.

ఒక్క అంకెతో ఏమీ తేలదన్న సంగతి నాకు డాక్టరు కంటే ముందు మా మేనమామ చెప్పాడు. తణుకు దగ్గర ఆయనకు లేయర్ ఫారం ఉంది. బాబాయి రిపోర్టు గొడవ చెబితే పకపకా నవ్వాడు.

"ఒక్క కోడి రక్తం చూసి షెడ్డు సంగతి చెప్పేస్తావేంట్రా అల్లుడూ? షెడ్డులో అక్కడో కోడినీ ఇక్కడో కోడినీ పట్టి తీయాలి. టైటరు ఎంతుందని కాదు, అన్నిట్లో ఒకేలా ఉందా లేదా చూస్తాం. కొన్ని పైనా కొన్ని అడుగునా ఉన్నాయంటే వేసినోడు సరిగ్గా వెయ్యలేదన్నమాట."

టైటర్ల మాట, అంటే రక్తంలో యాంటీబాడీల లెక్క, ఆయన నోట చెరువుగట్టు కబురులా వచ్చేసింది. ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. కరోనా వైరస్‌తో మనుషులకంటే ముందు తంటాలు పడినవి కోళ్లే. 1931లో అమెరికాలోని నార్త్ డకోటాలో కోడిపిల్లలకు వచ్చిన కొత్త ఊపిరి జబ్బు గురించి రాశారు. ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్, మన రైతుల మాటలో ఐబీ. దాన్ని కలిగించేది కరోనా వైరస్ కుటుంబానిదే. గుడ్డు పెంకు గరుకుబారి, సొన నీళ్లలా జారితే రైతు దాన్నే అనుమానిస్తాడు. "మీకు 2020లో వచ్చింది, మేం ఎప్పట్నుంచో టీకాలు వేస్తున్నాం" అన్నాడు మావయ్య, కాస్త గర్వంగానే.

యాంటీబాడీలు ఎక్కడ పుడతాయన్నది తెలిసింది కూడా కోళ్ల వల్లే. కోడికి తోక దగ్గర, మలద్వారం పైన ఒక చిన్న సంచి ఉంటుంది. పాదువా నగరపు శరీరశాస్త్రజ్ఞుడు ఫాబ్రీషియస్ దాన్ని వర్ణించాడు గనుక బర్సా ఆఫ్ ఫాబ్రీషియస్ అన్నారు. అదెందుకుందో మూడు వందల ఏళ్లకు పైగా ఎవరికీ తెలియలేదు. 1950లలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి ఆ సంచి కోసేసి కోళ్లు ఎలా పెరుగుతాయో చూస్తున్నాడు. తోటి విద్యార్థి టిమొథీ చాంగ్‌కు తరగతిలో యాంటీబాడీలు తయారవడం చూపించాల్సి వచ్చి, గ్లిక్ దగ్గరి కోళ్లను అరువు తీసుకున్నాడు. సాల్మొనెల్లా ఎక్కించాడు. యాంటీబాడీలు రాలేదు. ప్రదర్శన విఫలమైంది. వీళ్లిద్దరూ ఆ వైఫల్యాన్ని పారేయకుండా పట్టుకున్నారు. పెద్ద పత్రిక తిప్పి పంపితే 1956లో 'పౌల్ట్రీ సైన్స్'లో అచ్చువేయించుకున్నారు. వైద్యులు కోళ్ల పత్రిక చదవరు కదా, దాని విలువ తెలియడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. 1965లో మాక్స్ కూపర్, ఆయన సహచరులు మిగతా కథను పూరించారు. యాంటీబాడీలు చేసే కణాలకు బీ కణాలన్న పేరు ఆ సంచి పేరులోని మొదటి అక్షరమే. మనకు ఆ సంచి లేదు. ఎముక మజ్జలో పుడతాయి.

గోదావరి జిల్లాల్లో కోళ్ల రైతుకి ఈ చరిత్ర తెలియకపోయినా దాని సారం తెలుసు. గంబోరో వైరస్ సరిగ్గా ఆ సంచినే పాడుచేస్తుంది. చిన్నప్పుడు గంబోరో తగిలిన పిల్లలకు తర్వాత కొక్కెర తెగులు టీకా వేసినా సరిగా పట్టదు. "వాటికి వేసినా నీళ్లు పోసినట్టే" అంటాడు మావయ్య.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వ్యాధినిరోధక వ్యవస్థ గురించి రాసేవాళ్లు ఎక్కువమంది దాన్ని సైన్యంగా చెబుతారు. సరిహద్దు, శత్రువు, సిపాయిలు, ఆయుధాలు. 2020లో టీవీ స్టూడియోల్లో ఆ యుద్ధం రాత్రింబవళ్లు సాగింది. నాకా పోలిక నచ్చదు. సైన్యానికి సేనాపతి ఉంటాడు, ఎవరి మీదికి వెళ్తున్నామో తెలుస్తుంది. ఇక్కడ ఆ రెండూ లేవు. వూహాన్‌లో వైరస్ బయటపడకముందే, దాన్ని పట్టుకోగల బీ కణాలు మన ఒంట్లో ఏ మూలో తిరుగుతూ ఉన్నాయి. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, ఎవరూ ఊహించలేదు.

ఇదెలా సాధ్యమన్నది శాస్త్రజ్ఞులనూ చాలాకాలం తికమకపెట్టింది. బయటినుంచి వచ్చిన క్రిమి చుట్టూ యాంటీబాడీ తన రూపాన్ని మలుచుకుంటుందని 1940లో లైనస్ పాలింగ్ అంతటివాడు అనుకున్నాడు. వినడానికి బాగుంటుంది, కానీ అలా జరగదు. ఆస్ట్రేలియాకు చెందిన మాక్‌ఫర్లేన్ బర్నెట్ 1957లో తిరగేసి చెప్పాడు: రకరకాల కణాలు ముందే ఉంటాయి, వచ్చిన క్రిమి వాటిలో తనకు సరిపడినదాన్ని ఎంచుకుంటుంది, ఎంపికైనది పిల్లలు పెడుతుంది. మరి అన్ని కోట్ల రకాలకు సరిపడా జన్యువులు మనకెక్కడివి? ఆ చిక్కును జపాన్ నుంచి వచ్చి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పనిచేసిన సుసుము టోనెగావా విప్పాడు. ప్రతి బీ కణమూ పుట్టేటప్పుడు తన జన్యుపదార్థంలోంచి కొన్ని ముక్కలను ఇష్టమొచ్చినట్టు కోసి, అతికి, తనదైన యాంటీబాడీ నమూనా తయారుచేసుకుంటుంది. ఒక వరసలో నలభై దాకా ముక్కలు, ఇంకో వరసలో ఇరవై పైచిలుకు, మరో వరసలో ఆరు. అతుకుల దగ్గర అదనంగా కొన్ని అక్షరాలు. ఇలా లెక్క కోట్లు దాటిపోతుంది. 1987లో ఆయనకు నోబెల్ వచ్చింది.

నన్ను పట్టుకుని వదలనిది ఆ వృథా. రోజూ పుట్టే ఇన్ని కోట్ల బీ కణాల్లో అత్యధికం తమకు సరిపడే క్రిమిని జన్మలో చూడకుండానే చచ్చిపోతాయి. ఏనాడూ రాని జబ్బులకు, బహుశా ఈ భూమ్మీద లేనే లేని జబ్బులకు, మనలో ఇప్పుడు జవాబులు తిరుగుతున్నాయి. దుబారా అంటే మండిపడే మధ్యతరగతి మనిషిని నేను. ఈ దుబారా మీద మాత్రం కోపం రాదు.

చిన్నప్పుడు కాలి పుండు చీముపడితే గజ్జల్లో నొప్పిగా ఉబికేది. అమ్మమ్మ వేలితో తడిమి "బిళ్ళ కట్టింది, పుండు మానితే అదే కరుగుతుంది" అనేది. కోవిడ్ టీకా తర్వాత కొందరికి చంకలో బిళ్ళ తేలింది, భయపడి స్కానింగులకు పరిగెత్తారు కూడా. అసలు కథ నడిచేది ఆ బిళ్ళలోనే. ముక్కులో, గొంతులో దిగిన వైరస్ తునకలు ఇలాంటి బిళ్ళలకే, అంటే లింఫ్ గ్రంథులకు, చేరతాయి. అక్కడ, ఏదో అదృష్టంకొద్దీ స్పైక్‌ను కాస్త పట్టుకోగలిగిన బీ కణం దొరుకుతుంది. కాస్త మాత్రమే. అది విభజన చెందడం మొదలుపెడుతుంది. విభజన చెందిన ప్రతిసారీ తన యాంటీబాడీ జన్యువులో కావాలని తప్పులు రాసుకుంటుంది. మామూలు కణాల్లో జరిగే మార్పులకంటే దాదాపు పది లక్షల రెట్ల వేగంతో. ఆ తప్పుల్లో చాలావాటివల్ల పట్టు తగ్గుతుంది, ఆ కణం చచ్చిపోతుంది. ఎక్కడో ఒక తప్పు వల్ల పట్టు పెరుగుతుంది, ఆ కణం బతుకుతుంది. మళ్లీ విభజన, మళ్లీ తప్పులు, మళ్లీ ఏరివేత.

ఈ పని వైరస్ పోయాక కూడా ఆగదు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ యూనివర్సిటీవాళ్లు కోవిడ్ వచ్చి తగ్గిన 87 మందిని నెలా పది రోజులకు ఒకసారి, ఆరు నెలలకు మరోసారి పరీక్షించి 2021 జనవరిలో ఫలితాలు ప్రచురించారు. రెండోసారికి రక్తంలో యాంటీబాడీలు బాగా పడిపోయాయి. కానీ జ్ఞాపకంగా మిగిలిన బీ కణాలు తగ్గలేదు. పైగా అవి చేయగల యాంటీబాడీలు ముందటికంటే పదునెక్కాయి, రూపం మార్చుకున్న స్పైక్‌ను కూడా పట్టుకోగలిగాయి. అంటే ల్యాబు రిపోర్టులో అంకె దిగుతున్న ఆ నెలల్లోనే ఒంటికి విద్య అబ్బుతోంది. రిపోర్టు చూసి దిగులుపడ్డ మా బాబాయి లాంటివాళ్లందరూ సరిగ్గా తప్పు సమయంలో దిగులుపడ్డారు.

అంకె ఎందుకు దిగుతుంది? మొదట్లో యాంటీబాడీలను కుమ్మరించే కణాలు ఒక్కొక్కటి సెకనుకు వేల సంఖ్యలో విడుదల చేస్తాయి. వాటిలో చాలావాటి ఆయుష్షు కొద్ది రోజులే. రక్తంలోని ఐజీజీ రకం యాంటీబాడీలు కూడా ఇరవై ఒక్క రోజులకో మారు సగానికి తగ్గుతాయి. పెళ్లి అయిపోయాక పందిరి విప్పుతాం. అద్దె గుండిగలు, కుర్చీలు లారీ ఎక్కించి పంపేస్తాం. వంటమేస్త్రి నంబరు మాత్రం ఫోనులో ఉంచుకుంటాం. పెళ్లయిన మూడో నెలలో ఇంటికొచ్చి, పందిరి లేదేమిటని కంగారుపడే చుట్టానికి ఏం చెబుతాం? ప్రతి జలుబుకూ ప్రతి జ్వరానికీ వేసిన పందిళ్లన్నీ అలాగే ఉంచితే రక్తం నడవదు. మాటవరసకు కాదు. ఒకరకం రక్త క్యాన్సర్‌లో ఐజీఎం యాంటీబాడీ అదుపు లేకుండా పేరుకుపోయి రక్తం చిక్కబడుతుంది. చూపు మసకబారుతుంది, ముక్కులోంచి రక్తం కారుతుంది.

అలాగని అందరూ సర్దుకుని వెళ్లిపోరు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో అలీ ఎల్లెబెడీ బృందం, కోవిడ్ స్వల్పంగా వచ్చి తగ్గిన కొందరి తుంటి ఎముకలోంచి మజ్జ తీసి చూసింది. నెలలు గడిచినా అక్కడ స్పైక్‌కు యాంటీబాడీలు చేసే కణాలు కొన్ని తిష్ఠవేసి, హడావుడి లేకుండా పనిచేసుకుంటున్నాయి. ఇలాంటివి ఎంతకాలం ఉండగలవో చెప్పాలంటే 2008 నాటి ఇంకో పరిశోధన చూడాలి. 1918 ఫ్లూ నాటికి పిల్లలుగా ఉన్న 32 మందిని, తొంభై దాటి వందకు అటూ ఇటూగా ఉన్నవాళ్లను వెతికి పట్టుకున్నారు. తొంభై ఏళ్ల తర్వాత కూడా ఆ వైరస్‌ను గుర్తుపట్టే యాంటీబాడీలు వాళ్ల రక్తంలో ఉన్నాయి. ఆనాటి బీ కణాల వారసులు కొందరిలో ఇంకా తిరుగుతున్నాయి. తమ పెళ్లి తేదీ మరిచిపోయినవాళ్లు కూడా వాళ్లలో ఉండే ఉంటారు.

ఇంతకన్నా పాత సాక్ష్యం ఫారో దీవులది. 1846లో అక్కడ తట్టు చెలరేగి, ఎనిమిది వేలలోపు జనాభాలో ఆరు వేలమంది దాకా మంచాన పడ్డారు. డెన్మార్క్ ప్రభుత్వం పంపిన కుర్ర డాక్టరు పీటర్ పానుమ్ పడవల్లో ఊరూరా తిరిగి ఒక విషయం గమనించాడు. 1781లో తట్టు వచ్చిన ముసలివాళ్లలో ఒక్కరికీ ఈసారి రాలేదు. అరవై అయిదేళ్లు మధ్యలో ఆ జబ్బు దీవుల్లో లేనే లేదు. యాంటీబాడీ అన్న ఊహైనా లేని రోజుల్లో, రక్తం చుక్క తీయకుండా ఆయన తేల్చిన సంగతి ఇది.

మరి కోవిడ్ ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ ఎందుకొచ్చింది? తట్టు వైరస్ ఒళ్లంతా తిరిగి తీరికగా జబ్బు చేస్తుంది. జ్ఞాపకం మేలుకుని పని మొదలుపెట్టడానికి వ్యవధి ఉంటుంది. జలుబు రకం కరోనాలు ముక్కులో దిగి రెండు మూడు రోజుల్లో పని కానిచ్చుకుంటాయి. ఇంగ్లండులోని సాలిస్‌బరీలో 1946 నుంచి నలభై ఏళ్లకు పైగా కామన్ కోల్డ్ యూనిట్ అనే విచిత్రమైన సంస్థ ఉండేది. పది రోజులు ఉచిత భోజనం, వసతి, చుట్టూ పొలాల్లో నడక, చదరంగం. బదులుగా ముక్కులో జలుబు చుక్కలు వేయించుకోవాలి. సెలవులు గడపడానికి అక్కడికి మళ్లీ మళ్లీ వచ్చినవాళ్లున్నారు. అక్కడ 229ఈ అనే కరోనా వైరస్‌ను పదిహేను మంది ముక్కుల్లో వేశారు. జలుబు సోకినవాళ్లలో యాంటీబాడీలు రెండు వారాలకు శిఖరానికి చేరి, తర్వాత జారుతూ వచ్చాయి. ఏడాదికి అదే వైరస్ మళ్లీ వేస్తే వాళ్లలో ఎక్కువమందికి అంటుకుంది. కానీ ఒక్కరికీ జలుబు చేయలేదు. వైరస్ వాళ్లలో నిలిచిన రోజులు కూడా తగ్గాయి.

1990లో అచ్చయిన ఆ ఫలితాన్ని 2021లో అందరూ చదివి ఉంటే ఎంత బాగుండేది! టీకా వేసుకున్నా వచ్చిందంటే టీకా దండగన్న వాదన పుట్టేది కాదు. సోకడం వేరు, పడకెక్కడం వేరు. ముక్కులో కాపలా ఉండేది ఐజీఏ అనే రకం. అది త్వరగా పలచబడుతుంది, చేతి నరంలోంచి తీసిన రక్తంలో దాని సంగతి సరిగా తెలియదు. ముక్కులో వేసే కోవిడ్ టీకాను భారత్ బయోటెక్ 2023 జనవరి 26న విడుదల చేసింది. మంచి ఆలోచన, కానీ అప్పటికి టీకా కేంద్రాల ముందు క్యూలు లేవు.

అంకె పట్టుకుని ధీమాగా ఉండటం ఒక్క మనిషికే పరిమితం కాలేదు. సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి హైదరాబాద్‌లో ముప్పై వార్డుల్లో దాదాపు తొమ్మిది వేలమందికి పరీక్షలు చేసి 2021 మార్చిలో చెప్పాయి: 54 శాతం మందిలో యాంటీబాడీలున్నాయి. వాళ్లలో ముప్పావువంతుకు పైగా తమకు కోవిడ్ వచ్చిందనే తెలియదు. నగరం గండం గట్టెక్కిందని మనం చదువుకున్నాం. సర్వే అలా అనలేదు, మనమే అనుకున్నాం. ఏప్రిల్ ముగిసేసరికి ఆక్సిజన్ పడక కోసం ఎవరెవరికి ఫోన్లు చేశామో అందరికీ గుర్తే. ఆ జూన్, జులైల్లో ఐసీఎంఆర్ దేశమంతా చూస్తే 67.6 శాతం. ఆంధ్రప్రదేశ్ 70.2, తెలంగాణ 63.1, కేరళ 44.4. ఇక్కడ 'మీకెంత' ఆట తలకిందులైంది. కేరళ అంకె చిన్నది కావడానికి కారణం అక్కడివాళ్ల నిరోధకశక్తి తక్కువని కాదు, అప్పటిదాకా ఎక్కువమందికి జబ్బు అంటనివ్వకపోవడం.

ఇక అరువు యాంటీబాడీల సంగతి. 'ఓ పాజిటివ్ ప్లాస్మా అర్జెంట్' అన్న మెసేజ్‌లు తెల్లవారుజామున కూడా వచ్చేవి. కోలుకున్నవాళ్ల కోసం చుట్టాలు, స్నేహితులు, పోలీసులు, సినిమావాళ్లు అందరూ వెతికారు. ఎవరినీ ఎగతాళి చేయడానికి మనసొప్పదు. ఆ ఆలోచనకు వంశం గొప్పదే. 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కితసాటో ధనుర్వాతం, డిఫ్తీరియాలకు రోగం తట్టుకున్న జంతువు రక్తంలోని ద్రవంతో రక్షణ ఇవ్వొచ్చని చూపించారు. ఈనాటికీ పొలంలో కట్లపాము కాటేసినవాణ్ణి బతికించేది గుర్రం రక్తంలో తయారైన యాంటీబాడీలే. అయితే పాము విషం ఒక్కసారి ఒంట్లో పడి, ఇక పెరగనిది. సమయానికి ఆసుపత్రికి చేరితే యాంటీబాడీ వెళ్లి దాన్ని పట్టేస్తుంది. కోవిడ్ రోగి ఊపిరాడక ఆసుపత్రికి చేరే వేళకు వైరస్ చేయాల్సింది చాలావరకు చేసేసి ఉంటుంది. చాలామందిలో సొంత యాంటీబాడీలు కూడా అప్పటికే వచ్చేసి ఉంటాయి. ఐసీఎంఆర్ 2020లో 39 ఆసుపత్రుల్లో 464 మందిపై చేసిన ప్రయోగంలో ప్లాస్మా మరణాలను తగ్గించలేదు. ఆ ఫలితం ఆ అక్టోబరులోనే అచ్చయింది. చికిత్స జాబితాలోంచి ప్లాస్మాను తీసేసింది మాత్రం 2021 మే 17న, వేలమంది ప్లాస్మా కోసం ఊళ్లు గాలించాక. ఈ ఏడు నెలల మీద నాకు ఇంకా కోపం పోలేదు.

ల్యాబులో తయారుచేసిన రెండు యాంటీబాడీల మిశ్రమం కథా ఇంచుమించు అంతే. అమెరికా అధ్యక్షుడు ట్రంప్‌కు ఇచ్చారని పేరొచ్చింది. మన దగ్గర అప్పట్లో ఒక డోసు 59,750 రూపాయలు ఉండేది. మొదటి రోజుల్లో ఇస్తే పనిచేసింది కూడా. ఏడాది తిరక్కుండా ఒమిక్రాన్ స్పైక్‌లో ముప్పైకి పైగా మార్పులతో వచ్చింది, మిశ్రమం పట్టు జారిపోయింది. బిళ్ళలో తప్పులు రాస్తూ దిద్దుకునే బీ కణం దగ్గరున్న వెసులుబాటు సీసాలోని మందుకు లేదు.

యాంటీబాడీలు ఎప్పుడూ మన మేలే చూస్తాయనుకోవడం కూడా భ్రమే. ప్రాణాపాయ స్థితికి చేరిన 987 మంది కోవిడ్ రోగులను పరీక్షిస్తే, 101 మందిలో తమ సొంత ఇంటర్‌ఫెరాన్‌ను, అంటే వైరస్ రాగానే ముందుగా హెచ్చరిక చేసే ప్రొటీన్‌ను, పట్టి ఆపేసే యాంటీబాడీలు కనిపించాయి. ఆ 101 మందిలో 95 మంది మగవాళ్లు. 2020లో వచ్చిన ఈ ఫలితం చదివాక, ఆరోగ్యంగా తిరిగే మనిషి ఉన్నట్టుండి ఎలా పోయాడని మనం అడుగుతూ వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికైనా జవాబు దొరికినట్టనిపించింది. ఆ యాంటీబాడీలు వాళ్లలో జబ్బు రాకముందునుంచే ఉన్నాయి. ఏ ఫ్యామిలీ గ్రూపులోనూ ఎవరూ పెట్టని అంకె అది.

అరువు అన్నిసార్లూ చెల్లదని అనలేం. కడుపులో ఉండగా మాయలోంచి తల్లి ఐజీజీ బిడ్డకు చేరుతుంది. పుట్టాక ముర్రుపాలలో ఐజీఏ. ఆ పాలు మంచివి కావని పిండి పారబోసిన ఇళ్లు మనకున్నాయి, మా తాతగారి ఇల్లు కూడా వాటిలో ఒకటి. కోడి కూడా గుడ్డు పచ్చసొనలో పిల్లకు తన యాంటీబాడీలు దాచి ఇస్తుంది. అవి ఉండగా టీకా వేస్తే సరిగా పట్టదని, తగ్గేదాకా ఆగి వేయడం మావయ్యకు తెలిసిన లెక్క. గర్భిణులకు కోవిడ్ టీకా వేయొచ్చని మన ప్రభుత్వం 2021 జులై 2న చెప్పింది. అలా వేయించుకున్నవాళ్లలో మా చెల్లెలొకతి. దాని కూతురికి ఆర్నెల్లు నిండేదాకా తుమ్ము కూడా రాలేదు. ఏడో నెలలో ముక్కు కారడం మొదలైంది. తల్లి ఇచ్చినవి తరిగిపోయి, తన బీ కణాలు తామే ఎదుర్కోవాల్సిన వయసు. అది ఏ వైరసో తెలీదు. పిల్లలకు జలుబు తెచ్చే కరోనాలే నాలుగు రకాలున్నాయి, చిన్నతనంలోనే అవి అందరినీ పలకరించి పోతాయి. ఇప్పుడు వాటి పక్కన అయిదోది వచ్చి కూర్చుంది.

చెల్లెలు మాత్రం రిపోర్టుల రోజులు మరిచిపోలేదు. పిల్లను ఒళ్లో పెట్టుకుని డాక్టరుగారిని అడిగింది, పాపకు యాంటీబాడీ టెస్టు ఏమైనా రాస్తారా అని.

"ఎందుకమ్మా?" అన్నాడాయన, పాప ముక్కులో సెలైన్ చుక్కలు వేస్తూ. "పాలు తాగుతోందా? అయితే ఇంటికి తీసుకెళ్లు. ఆవిరి గీవిరి పట్టకండి."